మూసిన గదిలో ఫోన్ ఎత్తిందెవరు?

ఇది జరిగింది. నా ఇంట్లో జరిగింది, నా చెవులతో విన్నాను. ఒక్క ముక్క కల్పించి చెప్పినా తెల్లారేసరికి నా నోరు పడిపోనీ... ఇంతకన్నా ఏం చెప్పమంటారు? నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి సుజాత రాస్తోంది. మధ్యలో సొంత తెలివి పెట్టొద్దని ముందే చెప్పాను దానికి.

మాది ఆళ్లగడ్డ. మా ఆయన శనగల వ్యాపారం చేసేవాడు. ఇది జరిగిన ఏడాది వేసవిలోనే పోయాడు. ఆయాసం మనిషి, తన గదిలో మంచం మీదే పోయాడు. పోయిన నక్షత్రం మంచిది కాదన్నారు. ధనిష్ఠ పంచకమట. ఆ గది ఆరు నెలలు మూసేయాలట. శవాన్ని బయటికి తెచ్చిన వెంటనే తలుపు వేసి, తాళం వేసి, గడపకు అడ్డంగా ముళ్లకంప పెట్టారు. లోపల వస్తువు ఒక్కటి కదపనివ్వలేదు. ఆయన కళ్లజోడు కూడా లోపలే ఉండిపోయింది. తాళంచెవి మా మరిది వెంకటేశు తన మొలతాడుకు కట్టుకున్నాడు. నా ఇంటి తాళంచెవి... అతని నడుముకు! అదేమని అడిగితే, "నీకు తెలీదులే వదినా" అన్నాడు.

సరే, అసలు సంగతికి వస్తాను. సుజాతకు హైదరాబాదులో నర్సింగు చదవాలని ఉండేది. కాగితం మీద దరఖాస్తు తీసుకోరట. కంప్యూటర్లోనే పంపాలట. ఊర్లో ఎంతమంది ఇళ్లల్లో కంప్యూటర్ ఉందని పెట్టారో ఆ రూలు, వాళ్లనే అడగాలి! మా అదృష్టం, ఆయన ఉన్నప్పుడే నంద్యాలలో ఒక పాత కంప్యూటర్ కొన్నాడు, వ్యాపారం లెక్కలకని. హాల్లో ఫోన్ పక్కనే పెట్టించాడు. అప్పట్లో ఇంటర్నెట్ ఫోన్ తీగలోంచి వచ్చేది. పెట్టగానే కీ... కీ... గర్... అని కోడిని పిసికినట్టు అరిచేది. తర్వాత తెర మూలన రెండు చిన్న టీవీ బొమ్మలు మినుకుమినుకుమనేవి. అవి మినుకుమంటే పని జరుగుతున్నట్టు.

ఆయన పోయాక ఇంటర్నెట్‌లో పేజీలు తెరుచుకోవడమే మానేశాయి. సగం తెల్లగా నిలిచిపోయేవి. కింద నీలం గీత కొంచెం పాకి ఆగిపోయేది. టీవీ బొమ్మలు నల్లబడేవి. సుజాత మళ్లీ ఇంటర్నెట్ కలిపేది. మళ్లీ అదే.

నంద్యాల నుంచి ఖాజా అని మెకానిక్‌ను పిలిపించాం. గంటసేపు ఏదో నొక్కాడు.

"అమ్మా, లోపల చెత్త పేరుకుపోయింది. అందుకే నెమ్మదిగా ఉండాది."

"చెత్తేందప్పా? పొద్దున్నే తడిగుడ్డతో తుడిచినా దాన్ని!"

"ఆ చెత్త కాదమ్మా..." అని నవ్వాడు. సుజాత కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆ చెత్తంతా తీసేశానని, పేజీల్లో బొమ్మలు రాకుండా చేశానని, ఇక గుర్రంలా పరిగెత్తుతుందని చెప్పి పోయాడు ఖాజా. ఆ సాయంత్రం గుర్రం మళ్లీ చతికిలబడింది. ఫోన్ ఆఫీసుకు పోయి అడిగితే, "వానకు లైన్లు తడిసినాయమ్మా" అన్నాడు లోపలున్నాయన. "వాన యాడ పడింది? మా బోరులో నీళ్లే లేవు!" అన్నాను. తల ఎత్తితేనా!

రేపు బాగవుతుంది, రేపు బాగవుతుంది అని చూస్తూనే గడువు ఆఖరి రోజు వచ్చింది. రాత్రి పన్నెండు లోపల పంపకపోతే ఆ ఏడాది చదువు పోయినట్టే. ఆ రోజే ఊర్లో బంద్. నెట్ సెంటరు షట్టరు దించేశారు. బస్సుల్లేవు, నంద్యాలకు పోయే దారి లేదు. ఇంట్లో మగదిక్కు లేదని వెంకటేశు వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరకుంటేనా...

"ఆడపిల్లని అంత దూరం పంపిచ్చేదేంది వదినా? అన్న ఉన్నప్పుడే వద్దన్న్యాడు కదా. శిరివెళ్లలో మా అక్క కొడుకు ఉండనే ఉండాడు."

"నీ అక్క కొడుకు పదో తరగతి ఇప్పటికి గూడా రాస్తానే ఉండాడు. నోరు మూసుకోని కూర్చో."

నిజమే, ఆయన వద్దనే అన్నాడు. మంది మలమూత్రాలు ఎత్తే పని నా కూతురికెందుకన్నాడు. తన మలమూత్రాలు నేనే ఎత్తాను ఆఖర్లో. అప్పుడు పిల్ల నా పక్కనే నిలబడి మందులు చూసుకుంది. అది చూసి కూడా "సరే" అనలేదు.

పొద్దుగూకినప్పటి నుంచి సుజాత కలుపుతోంది. పేజీ సగం వస్తుంది... ఆగుతుంది. పేరు రాస్తుంది... ఆగుతుంది. మొదటి నుంచి మళ్లీ రాస్తుంది. రాత్రి బాగా పొద్దుపోయింది. పిల్ల కళ్లల్లో నీళ్లు. వెంకటేశు సెల్లు లాక్కుని ఖాజాకు చేయించాను.

సుజాత చెబుతోంది, "కలుస్తాంది అన్నా. కలిసినాక కొంచేపటికి పడిపోతాంది... అవును, రోజూ ఇట్లే..." వింటూ వింటూ దాని ముఖం మారింది. సెల్లు చెవి దగ్గరి నుంచి తీసి నా వైపు చూసింది.

"అమ్మా... ఇంట్లో ఇంకో ఫోనుందా అంటాండాడు. అదే లైనుకి. మనం కలిపినాక ఎవురో దాన్ని ఎత్తుతాండారంట. ఎత్తితే ఇట్లనే అయితాదంట."

ఉంది.

ఆయన గదిలో ఉంది. మంచం పక్కన స్టూలు మీద. రాత్రిళ్లు శనగల రేట్లు మాట్లాడుకోవడానికి పెట్టించుకున్నాడు. తాళం వేసిన రోజు ఏడుపుల్లో దాని సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. వస్తువు కదపకూడదన్నారు కదా... తీగ కూడా పీకలేదు.

ముగ్గురం ఆ గది తలుపు వైపు తిరిగాం. ముళ్లకంప అలాగే ఉంది. తాళం అలాగే ఉంది.

"ఎలకలేమో..." అన్నాడు వెంకటేశు.

"తాళం తీయ్, చూస్తాం."

"ఆర్నెల్లు నిండకుండానా? ఇంట్లో ఇంకో పీనుగ లేస్తాది వదినా! నేను తీయను." మొలతాడు గట్టిగా పట్టుకున్నాడు.

ఖాజా సెల్లులో ఇంకో మాట చెప్పాడు. ఇంటర్నెట్ ఆపేసి, హాల్లో ఫోన్ ఎత్తి, గుయ్‌మని శబ్దం వస్తుందో లేదో వినమన్నాడు. సుజాత ఆపేసింది. కానీ ఫోన్ ముట్టుకోలేకపోయింది. నేనే ఎత్తాను.

శబ్దం లేదు.

నిశ్శబ్దం కూడా కాదు... ఎలా చెప్పాలి? గదిలో తల దూర్చినట్టుంది. టిక్... టిక్... టిక్... ఆయన గదిలోని గోడ గడియారం. నేను హాల్లో ఉన్నాను. మా హాల్లో గడియారం లేదు. టిక్... టిక్... చెవికి ఇంకా గట్టిగా ఆనించాను.

దాని వెనకాల ఇంకోటి.

గుర్... అని లోపలికి. కొంచెం ఆగి... గుర్... అని బయటికి. పద్దెనిమిదేళ్లు ఆ ఊపిరి పక్కన పడుకున్నదాన్ని. దిండ్లు ఎన్ని వేస్తే తగ్గుతుందో తెలిసినదాన్ని. గుర్... మళ్లీ.

భయమేసింది. ఒట్టు, భయమేసింది. కానీ పక్కన పిల్ల వెక్కుతోంది... అది వినేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఏమయ్యా, నీ ఉద్దేశమేంది?" అన్నాను ఫోన్లోనే. "నువ్వుండేటప్పుడు నీ మాటే జరిగె. అది ఏడ్సినా నీకు ఇనపడకపాయె. నీకు ఆయాసమొస్తే నీ అక్క కొడుకొచ్చినాడా? ఈ పిల్లే కదా రాత్రంతా వీపు రుద్దింది? పోయినోడివి పో. ఇంకా పెత్తనమేంది నీకు? దానికి నేనుండా. నేను పంపిస్తాండా. పెట్టేయ్ ఫోను!"

ఊపిరి ఆగింది.

టిక్... టిక్...

టక్.

గుయ్‌మని శబ్దం. మామూలు ఫోన్ శబ్దం.

"ఎవురు వదినా?" అన్నాడు వెంకటేశు.

"నీ అన్న. మాట్లాడతావా?"

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పోయి నిలబడ్డాడు. వీపు మాత్రం కనబడుతోంది.

"కలుపు" అన్నాను సుజాతతో. కీ... కీ... గర్... టీవీ బొమ్మలు మినుక్కుమన్నాయి. ఆగుతాయేమోనని చూస్తున్నాం. ఆగలేదు. సుజాత మొదటి నుంచి అంతా రాసి నొక్కగానే నీలం గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయింది. "పోతాందమ్మా... పోయింది!" అని నా మెడ పట్టుకుని ఏడ్చింది పిల్ల. పన్నెండు కావడానికి ఇంకా కొంచెం టైము కూడా ఉంది.

ఆర్నెల్లు నిండాక గది తెరిచారు. ఫోన్ సరిగ్గానే పెట్టి ఉంది. లైన్‌మన్ వచ్చి చూసి, గోడలో తీగ అతుకు తుప్పు పట్టింది, ఆ గరగరే నువ్వు విన్నావన్నాడు. తుప్పు పట్టిన తీగ నేను తిడితే ఊరుకుంటుందా అని అడిగాను. ఖాజా అయితే ఇప్పటికీ కంప్యూటర్ లోపలి చెత్త వల్లే అంటాడు. పూజ చేయించిన స్వామి మాత్రం, పోయినవాళ్లను అట్లా కసరకూడదమ్మా అని నాకే బుద్ధి చెప్పాడు. బతికున్నవాళ్లను ఏడిపించొచ్చా మరి? అది మాత్రం ఎవరూ చెప్పరు.

సుజాత చదువు అయింది. హైదరాబాదులోనే పెద్ద ఆస్పత్రిలో చేస్తోంది, ఊపిరి అందనివాళ్ల వార్డులో. ఇప్పుడు సెలవుకు వచ్చింది, అందుకే ఇది రాయిస్తున్నాను.

ఆ రాత్రి ఆ ఊపిరి ఎవరిదో నాకు తెలియదు. ఆయనే అనుకుంటే... నా నోటికి జడిసి పెట్టేశాడా, అలిగి పెట్టేశాడా? లేక కూతుర్ని పోనీలే అనుకున్నాడా? రాస్తున్న పిల్ల కలం ఆపి నా ముఖం చూస్తోంది, నేనేదో చెబుతానని. ఏం చెప్పను? ఆయన ఒక్క మాటైనా అనలేదు.