ఈశాన్యం వైపు పైపు

మా బావా నేనూ కలిసి అనకాపల్లి మెయిన్ రోడ్డులో బట్టల షాపు పెట్టాం. ఊళ్లో ఎవరికీ లేని ఏసీ కావాలని బావ పట్టుబట్టాడు. ఇందులో మేడ మీద చల్లబడిన నీళ్లు పైపుల్లో వచ్చి సీలింగ్ యూనిట్లలో తిరుగుతాయి. గాలిలోని తేమ నీరై యూనిట్ కింది ట్రేలో చేరుతుంది. అది బయటికి పోవాలంటే ఇంకో పైపు వాలుగా వేయాలి, అంతే.

షాపుకి నైరుతి మూల కాలవలోకి ఆ పైపు వేయబోతుంటే బావ నమ్మే సిద్ధాంతి గారు ఆపేశారు. నైరుతికి నీరు పోతే షాపు మునుగుతుందట. పైపుని ఈశాన్యానికి తిప్పించారు. అటు అద్దాలుండటంతో గోడకి కన్నం ట్రే కంటే ఎత్తులో కొట్టారు.

"నీరు పైకెలాగెక్కుతాది బావా?" అన్నాను.

"ఆయన సెప్పేక మనకెందుకు? నువ్వూరుకో" అన్నాడు బావ.

ప్రారంభోత్సవానికి సిద్ధాంతి గారిని సరిగ్గా ఆ పైపున్న యూనిట్ కిందే కూర్చోబెట్టాం. జనం పట్టుచీరలు చూస్తుండగా ట్రే నిండి, ఆయన నెత్తి మీదా చీరల మీదా నీళ్లు కుమ్మరించినట్టు పడ్డాయి. అందరూ నవ్వారు. ఆయన మాత్రం కండువాతో తల తుడుచుకుంటూ, "గంగమ్మే దిగొచ్చింది, శుభం" అన్నారు. బావ ఆయనకి దణ్ణం పెట్టాడు.

పైపు ఇప్పటికీ అలాగే ఉంది. యూనిట్ కింద బకెట్ పెట్టి, దానికి పసుపు రాసి బొట్టు పెట్టాడు బావ. అది నిండినప్పుడల్లా మోసుకెళ్లి నైరుతి మూల కాలవలో పారబోసేది నేను.