జాలితో పంచొద్దన్న మేడం

మా స్టాటిస్టిక్స్ మేడం ఇక లేరన్న వార్త మొన్న పొద్దున క్లాసు గ్రూపులో వచ్చింది. నేనప్పుడు మోమిన్‌పేట్ దగ్గర బస్సులో, కిటికీ సీటు కోసం ఒక పెద్దమనిషితో న్యాయపోరాటం చేస్తున్న. చదవగానే లేచి నిలబడ్డ. సీటు ఆయనకే పోయింది. మేడం పేరు కనబడితే లేచి నిలబడడం తాండూరులో మూడేళ్ళ డిగ్రీ నేర్పిన అలవాటు.

ప్రయోగమంటే మందు సగం మందికే ఇచ్చి, మిగతా సగాన్ని ఊరికే చూడాలని పాఠం చెప్పే మనిషి, క్లాసులో భయాన్ని మాత్రం అందరికీ సమానంగా తాపేవారు. సగటు తీసి మురిసిపోయేవాణ్ణి లేపి, "ఎన్నిసార్లు కొలిచినవ్?" అనేవారు. ఒక్కసారి అన్నామా, అయిపోయినట్టే. చాక్‌పీసు గోరంత అయ్యేదాకా రాసేవారు. ఆ గోరంతది మా వైపు తిరిగితే జ్వరమే.

చివరి ఏడాది ప్రాజెక్టుకు మా ఇంటి గొర్రెపిల్లలనే తీసుకున్న. మాది బషీరాబాద్ పక్కన, మందతోనే బతుకు. వానలకు ముందు, కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపితే పిల్లలు ఎంత బరువెక్కుతాయో చూడాలి. బక్కవాటికి మందిస్తానంటే మేడం ఒప్పుకోలేదు. "జాలితోని పంచకురా, చీటీలతోని పంచు. జాలి లెక్క తప్పిస్తది." చీటీలు తీస్తే, నాయిన ముద్దుగా పెంచుకునే బక్క పిల్ల మందు లేని గుంపులో పడింది. మొదటి పేజీలో ఇంకోటి కూడా రాయించారు: ఎన్ని పిల్లలకు రక్తం తగ్గి కంటిరెప్పల లోపల తెల్లబడితే ప్రయోగం ఆపాలో. పేజీ నిండితే చాలని "రెండు" అని రాసేసిన.

వానలు పడ్డాక రెండు తెల్లబడ్డయి. నేను నోరెత్తలేదు. ఆపితే మార్కులు పోతాయి. రెండు రోజులు రెప్పలు తిప్పి చూసి, నోటుబుక్కులో రెప్పల రంగు రాసే గడి ఖాళీగా వదిలేసిన. మూడో రోజు నాయిన ముద్దుల బక్క పిల్ల కాళ్ళు ముడుచుకొని పడిపోయింది. పాలకు కూడా లేవలేదు.

"సదువుతున్నవా, సంపుతున్నవా?" అన్నడు నాయిన. మెల్లగనే అన్నడు.

ఫోన్ చేసి మేడంకు నిజం చెప్పిన. తిట్టకుండానే పెట్టేశారు, అది ఇంకా భయం. పశువుల డాక్టరును అడిగి మందు కొలత కాగితం మీద రాసుకొని, దొరికిన షేరాటోలో వచ్చేశారు. ఖాళీ గడి చూసి, "భయపడేదానికి కాకుండ మార్కులకు భయపడ్డవురా" అన్నారు, అంతే. నాయిన పిల్ల నోరు తెరిచి పట్టుకున్నడు. సూది లేని సిరంజితో మందు తాపబోయారు మేడం.

"మేడం, మీ చెయ్యి ఆడుతున్నది," అన్నడు నాయిన.

"భయమైతున్నదన్నా. చీటీ వీడు తీసిండు గని, తీయమన్నది నేనే."

మమ్మల్ని మూడేళ్ళు వణికించిన మనిషికీ భయముంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మందు లేని గుంపులో మిగతా పిల్లలకూ మందు తాపించి, "ఇక్కడ ఆపినం, ఆలస్యంగ ఆపినం" అని నాతో రాయించారు. ఆ సగం ప్రాజెక్టుకే తర్వాత సంతకం పెట్టారు. ఇప్పుడు నేనూ కొలతల పనే చేస్తున్న. ఖాళీ గడి కనబడితే భయంతో వెళ్ళి మళ్ళీ కొలుస్తా. ఆ భయం పెట్టినందుకు మేడంకు దండం.

ఆ రోజు ఆమె వెంటనే పోలేదు. ఆటోలు హారన్ కొట్టి కొట్టి పోతున్నయి. మేడం దొడ్డి బురదలో గొంతుక్కూచునే ఉన్నారు. పొద్దు వాలేటప్పుడు బక్క పిల్ల లేచింది, ఒరిగింది, మళ్ళీ లేచి తల్లి పొదుగు కిందికి తల దూర్చింది. మేడం ముందుకు వంగి చూస్తున్నారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత పాలు అందినట్టుంది, దాని తోక టపటపా ఆడింది.

అప్పుడు మేడం మంచినీళ్ళడిగారు.