అక్కకు క్షయ

ఉడికిన గుడ్డు మీద మిరియాల పొడి వాసన వస్తే నాకు ఇప్పటికీ అక్క జబ్బు గుర్తొస్తుంది.

అప్పుడు బోయిగూడలో ఉండేవాళ్లం. అక్క ఇంటర్ బైపీసీ, తెలుగు మీడియం. ఓ సాయంత్రం దగ్గుకుంటూనే, పుస్తకం పట్టుకుని గదంతా తిరుగుతూ పైకి చదువుతోంది: "క్షయకరణ విభజన. క్రోమోజోములు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం."

దగ్గు తగ్గకపోతే క్షయ కావచ్చని, మంచి తిండి పెట్టాలని మా బస్టాపు గోడ మీద రాసి ఉండేది. అన్నాల దగ్గర నా గుడ్డు తీసి అక్క కంచంలో పెట్టాను.

"ఏందే, నీకు గుడ్డంటే పానం గదా. అక్కకెందుకిచ్చినవ్?" అంది అమ్మ.

"అక్కకు క్షయ ఉంది. సగం నువ్విచ్చినవ్, సగం నాన్న ఇచ్చిండు," అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

అమ్మ ముక్కుతో గుర్రుమని నవ్వింది. నాన్న చప్పుడు లేకుండా భుజాలు ఊపుతూ నవ్వాడు. అక్క పుస్తకం తెచ్చి, అది జబ్బు కాదు, కణాలు విడిపోయే పాఠమని చెప్పి, గుడ్డును దారంతో రెండుగా కోసింది.

"ఇగో, నీ సగం," అంది.

కొన్నేళ్లకు నా ఇంటర్ పరీక్షలో క్షయకరణ విభజన మీదే ప్రశ్న వచ్చింది. నవ్వు ఆపుకుందామంటే ముందు భుజాలు ఊగాయి, తర్వాత ముక్కు గుర్రుమంది.