జట్కా మీద ట్రాము పాఠాలు

ఆ రోజుల్లో ఊరు దాటి వెళ్ళడంలోని ఆనందం సగానికి సగం, వెళ్దామని అనుకోవడంలోనే తీరిపోయేది. యుద్ధం ముగిసింది, మద్రాసులో మళ్ళీ దీపాలు ధైర్యంగా వెలుగుతున్నాయట అని అందరూ చెప్పుకుంటున్న వేసవి అది. నరసరావుపేటలో అప్పుడప్పుడే మీసాలు మొలుస్తున్న మేము కొందరం కలిసి ఒక యువజన సంఘం పెట్టుకున్నాం. అప్పటిదాకా ఆ సంఘం చేసిన ఘనకార్యమల్లా తనకు పేరు పెట్టుకోవడమే (ఆ పేరు ఇప్పుడు నాకు గుర్తు లేదు గానీ, ఒక్క గుక్కలో పలకడం ఎవరి వల్లా అయ్యేది కాదు). సెలవులకు మూసేసిన బడి వరండాలో, రోహిణి ఎండకు వీపు వెనక గోడ పెనంలా కాలుతుంటే, ఒక మధ్యాహ్నం ఎవరో "మద్రాసు పోదామంటారా?" అన్నారు. ఇక ఆ రోజు నుంచి మాకు అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు.

ఉండేది రెండు రోజులు. చూడవలసింది మాత్రం ప్రపంచమంతా. మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జంతువులుండే తోటను బతికిన కాలేజీ అనీ మనవాళ్ళు పిలిచేవాళ్ళు. ఏది ముందు చూడాలన్న దాని మీద సంఘం రెండుగా చీలిపోయింది. మాలో 'లాయరు' అని పిలిచే వాడొకడుండేవాడు. వాడికి అవేవీ పట్టవు, హైకోర్టు చూడాలంటాడు. "మా తాత పొలమంతా దావాల్లో ఆ బంగళాలోకే పోయిందంట. అదెట్టుంటదో చూడకపోతే ఎట్టరా?" అని వాడు అందర్నీ నిలదీసేవాడు. నాకు మాత్రం ట్రాము. వీధి మధ్యలో పట్టాల మీద, పొగ లేకుండా, గుర్రం లేకుండా నడిచే బండి! అది పరుగెడుతుంటేనే ఎక్కాలనీ, పరుగెడుతుంటేనే దిగాలనీ, తెలియనివాళ్ళు కాళ్ళు విరగ్గొట్టుకుని ఊరికి తిరిగొస్తారనీ ఎవరో చెప్పారు (ఆ చెప్పినవాడు మద్రాసు ముఖం చూశాడో లేదో అడగాలని మాకు తోచలేదు).

కాబట్టి సాధన అవసరమైంది. మా సంఘంలో 'హుషారు' అనేవాడి నాన్న జట్కా తోలేవాడు. మేమందరం ఆయన్ని సాయిబు బాబాయి అనేవాళ్ళం. స్టేషనుకు రైలు వచ్చే వేళ కాకుండా చూసి ఆయన్ని బతిమాలుకున్నాం. ఆయన గుర్రం మెడ నిమురుతూ, "ఏందిరా, నా బండి ట్రామా? ఇది ఇనిందంటే రేపటి నుంచి గడ్డి తినదు" అని నవ్వి, సరేనన్నాడు. మా వీధిలో జట్కా నెమ్మదిగా పరుగెత్తడం, మేము వెంటబడి ఒక్కొక్కరం వెనక మెట్టు మీదికి దూకడం. హుషారు పిల్లిలా ఎక్కేశాడు. లాయరు రెండుసార్లు తప్పి మూడోసారి ఎక్కాడు. నా వంతు వచ్చింది. మెట్టు అందింది, కాలు పెట్టాను, అంతలో పంచె కొస చక్రంలో చుట్టుకుంది. నేను మా ఇంటి ముందు దుమ్ములో మిగిలాను. నా పంచె బజారు వైపు వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడే నాపరాళ్ళ బేరం ముగించుకుని మా నాయన ఎదురొచ్చాడు. జట్కాకు జెండాలా ఎగురుతున్న పంచెను ముందు చూశాడు, ఆ తర్వాత నన్ను చూశాడు.

"జట్కా ఎక్కడం చేతగానోడు ట్రామెక్కుతాడంట! పెద్దోళ్ళు ఎవరన్నా వెంట వస్తే పోండి, లేకపోతే కొంపలో పడుండండి" అన్నాడు. సాయంత్రానికి మిగిలిన ఇళ్ళలోనూ అదే తీర్పు. ఊరంతా టముకు వేసుకున్న ప్రయాణం ఆగిపోతే మా ముఖాలు ఎక్కడ దాచుకోవాలి? బళ్ళో తెలుగు మాష్టారిని అడిగాం, ఆయనకు మద్రాసు నీళ్ళు పడవట. లాయరు పెదనాన్న వస్తానన్నాడు గానీ, ఉన్న రెండు రోజులూ మేము కోర్టు వరండా వదిలి కదలడానికి లేదన్నాడు. దాంతో మా ఆశలు ఆవిరైపోయాయి.

ఆ రాత్రి మా నాయన భోజనం చేస్తున్నాడు. వడ్డిస్తున్నది మా మేనత్త. చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంటికి వచ్చిన మనిషి, మా ఇంటి పెత్తనమంతా ఆమెదే (మా సంఘం ఆమెకు చాటుగా పెట్టిన పేరు 'కలెక్టరమ్మ'). మజ్జిగ పోస్తూ, ఉప్పు కావాలా అని అడిగినంత మామూలుగా అంది:

"పిల్లోళ్ళతో నేను పోతా అన్నయ్యా. సముద్రం కూడా చూసినట్టుంటది."

మా నాయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "నువ్వా? కోటప్పకొండ దాటి ఎరగవు గదే!"

"దాటనిస్తే గదా ఎరిగేది."

"ఈ కోతిమూకని నువ్వు చూసుకుంటావా?"

"ఇన్నాళ్ళూ మీ అందర్నీ ఎవరు చూసుకున్నారంట?"

నాయన ఇంకా తగ్గలేదు. "ఇక్కడ వంటో?"

"వదిన చేస్తది. వదినకేం, చేతులు లేవా?"

వంటింట్లో మా అమ్మ చేతిలో గరిటె జారిపడిన చప్పుడు వినిపించింది. నాయన ఇంకో సాకు వెతుక్కున్నాడు. "సముద్రం చూడాలంటే బాపట్ల పోరాదూ?" అన్నాడు. అత్త మజ్జిగ చెంబు కింద పెట్టి, "బాపట్లకన్నా ఎప్పుడైనా తీసకపోయినావా?" అని అడిగింది. ఆయన తల వంచుకుని అన్నం కలపసాగాడు. తలుపు వెనక నక్కి వింటున్న నేను కేక పెట్టకుండా పై కండువా నోట్లో కుక్కుకున్నాను.

మరునాడు అత్త తానూ ట్రాము పాఠం నేర్చుకుంటానంది. వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని జట్కా వెంట నాలుగడుగులు వేసి, నడిరోడ్డు మీద నిలబడిపోయి, "ఆపు సాయిబూ! మనిషెక్కేదాకా ఆగని బండి, అదేం బండి?" అని గద్దించింది. గుర్రం ఠక్కున ఆగింది. "నేనింకా కళ్ళెం లాగనే లేదక్కా!" అన్నాడు సాయిబు బాబాయి.

మద్రాసులో దిగి స్టేషను బయటికి రాగానే, గణగణమంటూ వస్తోంది ట్రాము! మేము పంచెలు ఎగగట్టి, గుండెలు చిక్కబట్టుకుని పరుగుకు సిద్ధమయ్యాం. అది మా ముందుకొచ్చి శుభ్రంగా ఆగింది. జనం తాపీగా దిగారు, తాపీగా ఎక్కారు. అత్త అందరికన్నా ముందు ఎక్కి కూర్చుని, "రండిరా, ఇంకా పరిగెత్తరే?" అంది. ట్రాములో వాళ్ళకు తెలుగు రాకపోయినా మా ముఖాలు చూసి విషయం అర్థమైనట్టే నవ్వారు.

మొదటి రోజు బతికిన కాలేజీలో సింహాన్ని చూశాం, హైకోర్టును బయటి నుంచి చూశాం. (లాయరు ఆ ఎర్రటి గోడల వంక చాలాసేపు చూసి, "మా పొలానికి ఈ మాత్రం బంగళా వచ్చిందంటే పర్వాలేదురా" అన్నాడు.) రెండో రోజు సముద్రం. కాసేపు ఆగి చచ్చిన కాలేజీకి పోవాలని మా ఏర్పాటు. అత్త మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచింది. అల వచ్చి ఆమెను సగం తడిపి వెళ్ళింది. ఎప్పుడూ గట్టిగా నవ్వని మనిషి, చిన్నపిల్లలా కిలకిల నవ్వింది. తర్వాత ఎటు చూసినా నీళ్ళే ఉన్న ఆ వైపు చూస్తూ నిలబడి, "ఇన్ని నీళ్ళు ఇక్కడ పెట్టుకుని, మన పల్నాటికి చెంబెడు పంపడానికి దేవుడికి చేతులు రాలేదంట్రా?" అంది. దోసిట్లో తీసుకుని నాలిక మీద వేసుకుని, "థూ! ఉప్పు. పోన్లే, దేవుడి తప్పేం లేదు" అని మళ్ళీ లోపలికి నడిచింది. చచ్చిన కాలేజీ సంగతి మేమే పక్కన పెట్టేశాం. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం.

మరుసటి వేసవికి మా సంఘం లేదు. ఒకడు ఉద్యోగానికి, ఒకడు చదువుకు, తలో దారి పట్టాం. అత్త మళ్ళీ సముద్రం చూడలేదు. కానీ వంటింట్లో ఉప్పు డబ్బా అందుకున్నప్పుడల్లా తనలో తాను నవ్వుకునేదని మా అమ్మ చెప్పేది.

అప్పటి అత్త కన్నా ఇప్పుడు నా వయసు ఎంతో ఎక్కువ. వేసవి రాగానే మా మనవలు ముందు గదిలో చేరి ఏ ఊరు పోదామా అని గొంతులు పెంచి వాదించుకుంటూ ఉంటారు. పెద్దవాళ్ళు వెంట ఉండాలనే షరతు ఇప్పుడు ఏ ఇంట్లోనూ లేదు, వాళ్ళకు నా అవసరమూ లేదు. అయినా ఆ వాదన వినబడినప్పుడల్లా నేను పేపరు మడిచి పక్కన పెట్టి, ఎందుకైనా మంచిదని, ఒకసారి గట్టిగా గొంతు సవరించుకుంటాను.