నడుముల కొట్టిన ఒక్క గంట

దయ్యాలు గియ్యాలు అంటే నాకు నవ్వొస్తది. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల పని చేసినోన్ని, చీకటికి భయపడితే నడుస్తదా?

హాలర్ నడిపేటోన్ని. తాడుతోని బొగ్గు టబ్బులు గుంజే మిషన్ అది. కింది నుంచి ఒక్క గంట కొడితే ఆపుడే. ఎందుకు, ఏంది అని అడిగేది లేదు.

రిటైరైనంక నడుము నొప్పి పానం తీసింది. ఆపరేషనైనా కాలు గుంజుడు పోలే. ఆఖరికి హైదరాబాద్ దవాఖానల వెన్నులకు సన్నని తీగెలు ఎక్కించి, పిర్ర మీద తోలు కింద చిన్న బ్యాటరీ డబ్బా పెట్టిన్రు. అది తీగెలకు కొంచెం కొంచెం కరెంటు పంపి నొప్పి తెల్వకుంట చేస్తదట. చేతికి రిమోట్ ఇచ్చిన్రు. కూసుంటే ఒక నంబరు, నడిస్తే ఒకటి, పండుకుంటే ఒకటి.

నేను వాటికి ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు అని పేర్లు పెట్టుకున్న. ఎట్లున్నదని డాక్టర్ సారు ఫోన్ చేస్తే, సెకండ్ షిఫ్టుల మంచిగున్నది సార్ అన్న. మళ్ల డ్యూటీకి పోతున్ననుకొని సారు నన్ను మస్తు తిట్టిండు.

నా ఆశ ఒక్కటే, రెండేండ్ల మనుమరాలిని ఎత్తుకోవాలె. మూడు నెలలు బరువు ముట్టొద్దన్నరు. దినాలు లెక్కపెట్టుకుంట కూసున్న.

గడువు దాటిన పొద్దున్నే పిల్లను సంకనేసుకొని సెంటినరీ కాలనీ రోడ్డు పట్టిన. బిడ్డ, అల్లుడు ఉండేది ఆడనే, మేము గూడ వాళ్లతోనే. రిమోట్ మా ఆమె సంచిల పడి మార్కెట్‌కు పోయింది. అదేమో పక్కన ఉంటెనే పని చేస్తది.

నడుముల ఎప్పుడూ చీమలు పారినట్టు సన్నగ జుమ్ముమంటది. గుల్‌మొహర్ చెట్టు దగ్గరికి రాంగనే మాత్రం ఒక్కటే దెబ్బ, టక్కుమని. గంట కొట్టినట్టే.

నా కాళ్లు ఆగినయ్. నేను ఆపలే, అవే ఆగినయ్. గప్పుడు ఇరిగింది కొమ్మ. అడుగు దూరంల దబ్బున పడ్డది. చప్పుడు విని ఆగినవేమో అంటరు గని, ఆగినంకనే చప్పుడైంది. పిల్ల దుమ్ముకు తుమ్మి నవ్వింది. నేను ఆడనే కూలబడి ఏడ్సిన.

దవాఖానల ఆ డబ్బాను కంప్యూటర్‌కు కలిపి చూసిన్రు. ఏ మార్పు లేదు, ఏ ఖరాబు లేదు. వంగితే ఒక్కోపారి జోరుగ కొడతదట. నేను సీదా నడుస్తున్న కదా! అసలు గసొంటి ఒంటి దెబ్బ ఏ నంబర్ల లేదన్నరు.

"భయమైతే కొంచెం తగ్గిస్త పెద్దాయనా," అన్నడు డాక్టర్ సారు.

"ఏదీ ముట్టకు సార్. ఎట్లున్నది అట్లనే ఉండనియ్యి."

మా ఆమె దేవుడంటది, అల్లుడు బ్యాటరీ అంటడు. ఎట్లయిందో నాకైతే ఇప్పటికీ తెల్వది. తెల్వకపోతే పాయె, పిల్ల నా సంకల ఉన్నది.