పెళ్లిచూపుల్లో పంజా

జబ్బలు లేని మగవాడికి మా శాలిబండ హోటల్లో చాయ్ కూడా అందరికంటే ఆఖర్న వచ్చే రోజులవి. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, డెబ్బైల్లో మా గల్లీలో మనిషి విలువ కట్టడానికి చదువెంత, జీతమెంత అని అడిగేవారు కాదు. చొక్కా చెయ్యి పైకి మడిపించి, జబ్బ కండ నొక్కి "ఏదీ, దండ చూపియ్" అనేవారు. నాకు ఇరవై నాలుగేళ్ల వయసుంది, ఫ్యాక్టరీలో సర్కారీ నౌకరీ ఉంది, ఒకటో తారీఖు జీతముంది, దండ మాత్రం లేదు. అందుకని అందరూ నా అసలు పేరు మరిచిపోయి "అగ్గిపుల్ల" అని పిలిచేవారు. (మా అమ్మ కూడా ఒకసారి కోపంలో అలాగే పిలిచింది. ఆ బాధతో రెండు రోజులు అన్నం మానేశాను. దాంతో ఇంకాస్త సన్నబడ్డాను.)

ఈ అవమానం పోగొట్టుకోవడానికే గల్లీ చివరి తాలీంలో చేరాను. తాలీం అంటే రేకుల కప్పు కింద ఎర్రమట్టి పరిచిన ఒక గది, నాలుగు కర్ర గదలు, ఒక నిలువుటద్దం, హనుమంతుడి పటం. దాన్ని నడిపే ఉస్తాద్ సిటీ బస్సులో కండక్టరు. టికెట్ లేనివాడు ఆయన ముందు ఎలా ఉంటాడో తాలీంలో మేమందరం అలా ఉండేవాళ్లం. ఏటా ఒక ఆదివారం ఆయన పంజా పోటీ పెట్టేవాడు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, కుడిచేతి వేళ్లలోకి వేళ్లు జొనిపి బిగించాలి. మోకాలు నేలకు తగిలినా, వేళ్లు తెరిచినా ఓడినట్టు. గెలిచినవాడి తలకు రుమాలు కట్టి, ఫోటో తీయించి గోడకు తగిలించేవారు. మూడేళ్లుగా ఆ గోడ మీద ఒకటే మొహం. అతన్ని మేం పాల పహిల్వాన్ అనేవాళ్లం. రెండు పూటలా పది బర్రెల్ని పిండే మనిషి. అతని బొటనవేలు నా మణికట్టుతో పోటీ పడేది. నాకంటే ఏడాది పెద్ద, పెళ్లి కాలేదు, గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లెవరూ లేరు.

ఆ ఏడు నేను ఫైనల్‌కు చేరాను. ఎలాగని అడగొద్దు. సరే, అడిగారు కాబట్టి చెబుతాను. మొదటివాడికి జ్వరమొచ్చింది, రెండోవాడు సరిగ్గా పట్టు మధ్యలో తుమ్మాడు, మూడోవాణ్ణి వాళ్లమ్మ వచ్చి కిరోసిన్ లైన్లో నిలబెట్టడానికి లాక్కుపోయింది. చిక్కేమిటంటే, అదే రోజు సాయంత్రం నాలుగింటికి మాదన్నపేటలో నా పెళ్లిచూపులు. అంతకుముందు నాలుగు సంబంధాలవాళ్లు "పిలగాడు మంచోడే గని, గాలొస్తే ఎట్ల?" అని వెళ్లిపోయారు. అమ్మ పొద్దున్నే నా ముందు చెయ్యి ఆడించి చెప్పింది. "ఒంటిగంటకల్లా ఇంట్ల ఉండాలె. పత్తర్‌గట్టిల టైలర్ కాడికెల్లి కొత్త అంగి తెచ్చుకో. ఈ సంబంధం గిట్ట తప్పిందనుకో, ఇగ నేను చూడ. నీ ఇష్టం, నీ కర్మ." పాల పహిల్వాన్‌తో పంజా అర నిమిషంలో తేలిపోతుందన్న ధైర్యంతో సరేనన్నాను.

పన్నెండింటికి మొదలుపెట్టాం. అర నిమిషమైంది, నేను నిలబడే ఉన్నాను. అయిదు నిమిషాలయ్యాయి, నిలబడే ఉన్నాను. పహిల్వాన్ మొహంలో ఆశ్చర్యం, నా మొహంలో అంతకంటే ఎక్కువ ఆశ్చర్యం. బహుశా నా వేళ్లు మరీ సన్నం కావడంతో నొక్కడానికి అతనికేమీ దొరకలేదేమో. ఇరవై నిమిషాలు గడిచాక ఉస్తాద్ గడియారం చూసుకుని ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. "నా డ్యూటీ టైమైంది. పొద్దుమూకినంక వస్త. నేనొచ్చి ఆపేదాంక ఎవడు వేళ్లు ఇప్పితే వాడు ఓడినట్టే. హనుమంతుని మీద ఆన" అని బస్సు డిపోకు వెళ్లిపోయాడు. అంటే సాయంత్రం ఏడింటి దాకా అన్నమాట.

ఒంటిగంట దాటాక నన్ను వెతుక్కుంటూ మా మేనమామ వచ్చాడు. చిన్నప్పుడు అదే తాలీం మట్టిలో దొర్లినవాడు. మమ్మల్ని చూడగానే అక్క అప్పగించిన పని మరిచిపోయి "శభాష్ అల్లుడా! ఇడువకు!" అని అరిచాడు. తరవాత గుర్తొచ్చి "నాలుగింటికి పెళ్లిచూపులు గదరా!" అని నెత్తి పట్టుకున్నాడు.

"నీ పెళ్లి చెడగొట్టుడు నాకెందుకు భాయ్? నువ్వే ఇడిచెయ్, పో" అన్నాడు పహిల్వాన్.

"నువ్వే ఇడువు. మూడేండ్లు గెలిచినవ్ గద" అన్నాను.

"నాలుగోది మా బాపుకు మాటిచ్చిన. ఎట్ల ఇడుస్త?"

మామ తీర్పు చెప్పాడు. "ఏం ఫికర్ లేదు. ఇద్దరు రాండ్రి. సాక్షిగ నేనుంట."

ఇద్దరి కుడిచేతులూ ఇరుక్కున్నాక పక్కపక్కన నడవాలంటే ఒకడు ముందుకు నడవాలి, ఇంకొకడు వెనక్కి నడవాలి. (నమ్మకం లేకపోతే ఇంట్లో ఎవరితోనైనా ప్రయత్నించి చూడండి.) కరెంటు స్తంభం నుంచి కరెంటు స్తంభం దాకా వంతులు వేసుకున్నాం. చార్మినార్ కింద నేను వెనక్కి నడిచాను. జీవితంలో చార్మినార్‌ను అంతసేపు చూడటం అదే మొదలు. పత్తర్‌గట్టిలో టైలర్ మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు ఎగాదిగా చూసి "హౌలే హోగయే క్యా మియా?" అన్నాడు. బనియన్ మీద ఉన్న నాకు కొత్త చొక్కా ఎలా తొడగాలన్నది సమస్య. ఎడమచెయ్యి దూరింది, కుడిచెయ్యి వెంట పహిల్వాన్ ఉన్నాడు. "ఫికర్ నక్కో కరో" అని ధైర్యం చెప్పి టైలర్ చొక్కా కుడిపక్క కుట్లన్నీ మణికట్టు నుంచి నడుం దాకా విప్పి, నాకు చుట్టి, నిలబెట్టే మళ్లీ కుట్టేశాడు. సూది నా చేతికి మూడుసార్లు గుచ్చుకుందని మామ లెక్కపెట్టాడు. నాకు ఒక్కసారి కూడా తెలియలేదు. అది నా ధైర్యమే అనుకుని ఛాతీ పొంగించాను.

రిక్షా ఎక్కి మాదన్నపేట చేరేసరికి నాలుగున్నర. మాకంటే ముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డ అమ్మ మమ్మల్ని చూసి నోరు తెరిచింది, మళ్లీ మూయలేదు. పిల్ల తండ్రి పెద్దమనిషి, నాలుగు బర్రెల పాడి ఉన్నవాడు. నా మొహం, పహిల్వాన్ మొహం, మా చేతులు మార్చి మార్చి చూసి, "ఇంతకు ఈళ్లల్ల పిలగాడెవరు?" అని అమ్మను అడిగాడు. మామ అందుకుని పంజా నియమాలు, హనుమంతుడి ఆన, ఉస్తాద్ డ్యూటీ టైమింగులు అన్నీ చెప్పాడు. అంతా విని ఆయన "మంచిది" అన్నాడు. ఆ "మంచిది"లో మంచి ఎక్కడా కనిపించలేదు. ఇద్దరం ఒకే మంచం మీద చెరో దిక్కూ మొహం పెట్టి కూర్చున్నాం. పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది. చక్కని పిల్ల. నిజం చెప్పాలంటే చూడగానే నచ్చింది. ఆమె తల వంచుకునే మా చేతులు చూసింది. పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

అప్పుడు పిల్ల నాయనమ్మ గారెల పళ్లెం పట్టుకుని వచ్చింది. ఎనభై ఏళ్లుంటాయి, చేతులు వణుకుతున్నాయి, నడుం వంగిపోయింది. "తీస్కో బిడ్డా" అని నా ముందు పట్టింది. నేను ఎడమచెయ్యి చాపాను. పెళ్లిచూపుల్లో, ఎనభై ఏళ్ల ముసలమ్మ చేతిలోంచి, ఎడమచేత్తో! అమ్మ కళ్లతోనే నన్ను కొట్టింది. ఒక్క క్షణం నాకూ అనిపించింది, విడిచేద్దామా అని. కానీ తాలీం గోడ మీద నా ఫోటో కళ్ల ముందు మెదిలింది, నెత్తిన రుమాలుతో సహా. చాపిన ఎడమచెయ్యి అలాగే ఉంచాను.

చటుక్కున పహిల్వాన్ వేళ్లు విప్పి లేచాడు. రెండు చేతులా పళ్లెం అందుకుని, "నువ్వెందుకు తెచ్చినవ్ అవ్వా, చేతులు వణుకుతున్నయ్. కూసో" అని ఆమెను తను లేచిన చోట కూర్చోబెట్టాడు.

నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మంచం మీంచి ఎగిరి "గెలిచిన! మామా, నువ్వే సాక్షి!" అని కేక పెట్టాను. జెండాలా ఎత్తుదామంటే కుడిచెయ్యి పైకి లేవలేదు. అందుకని ఎడమచెయ్యి ఎత్తాను. పిల్ల అప్పుడు తల ఎత్తి పైకే నవ్వింది. కానీ ఆ చూపు నా వైపు లేదు.

ఉస్తాద్ రుమాలు కట్టాడు, ఫోటో గోడకెక్కింది, అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. నెల తిరక్కుండా పిల్ల తండ్రి పహిల్వాన్ ఇంటికి వెళ్లి సంబంధం కలుపుకొచ్చాడు. పెళ్లికి వెళ్లి గారెలు తిన్నాను, కుడిచేత్తోనే. (నాకు తొమ్మిదో సంబంధం కుదిరింది. ఆ మహాతల్లి జీతం తప్ప ఇంకేమీ అడగలేదు.)

ఇరవై ఏళ్ల తరవాత ఒక సాయంత్రం పహిల్వాన్ ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉండగా, ఎప్పటినుంచో లోపల దాచుకున్నది అడిగేశాను. "నిజం చెప్పు భాయ్. ఆ దినం అవ్వను చూసి ఇడిసినవా, లేకుంటె నా పట్టుకు ఆగలేక ఇడిసినవా?"

అతను లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నీ పట్టు పత్తర్‌గట్టిలనే పోయింది. టైలర్ కుట్టేటప్పుడే నీ వేళ్లు వాడిపోయినయ్. ఆన్నుంచి మాదన్నపేట దాంక నేనే పట్టుకొని తెచ్చిన."

"మరి ఆడ్నే చెప్పకపోయినవా? నువ్వు గెలుస్తుంటివి గద!"

"ఎట్ల చెప్పాలె? ఇప్పితే నేనిప్పినట్టే అయితది. నీ చేతిల ఇప్పనీకె ఏముండె?" అని నవ్వాడు. "అయినా పెళ్లిచూపులకు పోయెటోడు బజార్ల ఓడిపోతే బాగుంటదా?"

నాకు ముందు సిగ్గేసింది, ఆఖరికి ఆపుకోలేనంత నవ్వొచ్చింది. ఊరంతా వెనక్కి నడిచి, చచ్చుబడిన చేత్తో పెళ్లిచూపులకెళ్లి, ఇరవై ఏళ్లు గెలిచానని బతికిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే కోపం రాలేదు, ముద్దొచ్చాడు. ఇంతలో అతని ఇల్లాలు చాయ్ తెచ్చి, "ఏంది, ఇద్దరు గట్ల నవ్వుతున్రు?" అంది. అతను నా వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను. "ఏం లేదు చెల్లే" అని నేను కప్పు అందుకున్నాను.