బావమరిది పట్టుకున్న తాడు

అడవిలో పుట్టినవాళ్లకు చావు భయం ఉండదని పట్నంలో కూర్చుని రాసేవాళ్లున్నారు. తుట్టెమామకు ఉంది, బోలెడంత. కొండ అంచు నుంచి తాడు మీద వేలాడుతూ తేనెతుట్టెలు కోసినన్నాళ్లూ లేదు. చేతివేళ్లు మొద్దుబారడం మొదలయ్యాక వచ్చింది.

నరాల జబ్బన్నాడు కొండ కింది డాక్టరు. మెల్లగా ఒళ్లంతా పాకుతుందనీ, మందు లేదనీ కూడా చెప్పాడు. మామ అంతా విని ఇంటికొచ్చి, తుట్టెలు నిండాయి, రేపు దిగుతానన్నాడు.

ఆ కొండల్లో ఎవరు దిగినా పైన తాడు పట్టేది భార్య తమ్ముడే. సొంత అక్కను విధవను చెయ్యడు కదా అని. ఇందులో పవిత్రత ఏమీ లేదు, ముందుచూపే.

"పట్టను బావా," అన్నాడు బావమరిది. "చొక్కా బొత్తాలు అక్క పెడుతోంది. కత్తేం పట్టుకుంటావు?"

"మీ అక్క సరదా కొద్దీ పెడుతోందిలేరా."

"నా సరదా తగలెయ్య!" అంది ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి. "కూర్చోబెట్టి నాలుగు మెతుకులు పెట్టలేనా ఏం?"

"కూర్చుని ఏం చెయ్యను? చావెప్పుడొస్తుందా అని చూడనా?"

తమ్ముడు లేచి దూలం మీది తాడు దించాడు.

మర్నాడు పొగ పెట్టి, తేనెటీగలు లేచాక, తాడు బండకు చుట్టి మామను దింపాడు. కాసేపటికి కత్తి రాళ్లకు కొట్టుకుంటూ లోయలోకి పోయిన చప్పుడు వినబడింది.

"లాగెయ్యనా బావా?"

"ఆగరా."

"చేతులెలా ఉన్నాయి?"

"ఉన్నాయి. నా మాట వినట్లేదంతే. మీ అక్కలాగే."

బావమరిదికి నవ్వు రాలేదు.

"పైకొస్తే మళ్లీ దింపవు కదూ?"

అబద్ధం ఆడొచ్చు. నోరు రాలేదు. "దింపను బావా."

"అయితే కాసేపు ఉండనీ."

ఉండనిచ్చాడు. అరచేతులు మండాయి, మడమలు మట్టిలో జారాయి. పొగ పలచబడి, ఈగలు తిరిగి చేరుతున్న హోరు పెరిగింది. మళ్లీ పిలిచాడు. కింద నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇక అడగకుండా లాగడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ మామ కాళ్లతో బండను తన్నుతూ సాయపడేవాడు. ఈసారి బరువంతా తాడు మీదే పడింది.

అంచు దగ్గర తల కనబడింది. మామ ఏడుస్తున్నాడు. కళ్లు తుడుచుకోబోతే చెయ్యి సగంలోనే ఆగిపోయింది. తుడుద్దామంటే బావమరిది రెండు చేతులా తాడే ఉంది.